మేడమీది తోటకు రావలసిన అతిథులు

పదిహేడవ శతాబ్దములో ఫ్రాన్సు దేశమునుండి రత్నాల వ్యాపారమునకై గోలకొండ రాజ్యమునకు పలుమార్లు వచ్చిన టావెర్నియే అను యాత్రికుడు, 1676లో తన యాత్రా గ్రంథమును ప్రచురించెను. అందులో భాగ్యనగరపు రాజభవనమును వర్ణించుచు అతడొక వింతను పేర్కొనెను. ఆ భవనపు కమానుల మీద, మిద్దెలపైన, తోటలు ఉండెడివట. అందలి చెట్లు ఎంత పెద్దవనగా, వాని బరువును ఆ కమానులు ఎట్లు మోయుచున్నవో అతనికి అంతుబట్టలేదు. దీనిని బట్టి మిద్దెమీద తోట పెంచుట హైదరాబాదుకు నిన్న మొన్న వచ్చిన అలవాటు కాదని తెలియుచున్నది.

ఆనాడు రాజులకు మాత్రమే చెల్లిన ఈ ముచ్చట నేడు సామాన్య గృహస్థులకును అందుబాటులోనికి వచ్చినది. నగరమునకు వాయవ్య దిక్కున నున్న కూకట్‌పల్లి వంటి ప్రాంతములలో నేల కరవైనది. కాని మిద్దెలకు కొదువ లేదు. కుండీలలోను, పాత డబ్బాలలోను, సిమెంటు మడులలోను మట్టి నింపి వంగ, టమాట, బెండ, సొర, బీర, కాకర పెంచుకొనువారు పెరుగుచున్నారు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నగరమునకు తూర్పున నున్న నారపల్లిలో తమ ఇంటిపై తోటను పెంచి, ఆ అనుభవమును 'మిద్దెతోట' అను పుస్తకముగా వ్రాసిన తరువాత ఈ మాట తెలుగునాట ఇంటింట వినబడుచున్నది.

అయితే ఈ తోటలలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. సొరతీగ పందిరినిండ అల్లుకొనును, పూత విరివిగా వచ్చును. కాని పిందె చిటికెనవ్రేలంత కాగానే పసుపుబారి రాలిపోవును. ఎరువు చాలలేదని కొందరు ఎరువు వేయుదురు. పురుగు పట్టినదని కొందరు మందు చల్లుదురు. పండుఈగ వలనను, నీటి ఎద్దడి వలనను పిందెలు రాలుట నిజమే. కాని చాల సందర్భములలో అసలు కారణము వేరు: ఆ పూవునకు రావలసిన అతిథి రాలేదు. అట్టిచోట మందు చల్లినచో ఎప్పుడో ఒకసారి వచ్చు అతిథి కూడ రాకుండ పోవును. ఈ చిన్న పొరపాటు వెనుక పెద్ద చరిత్ర ఉన్నది.

పూవు రహస్యము

సొర, గుమ్మడి, దోస, కాకర వంటి తీగలలో మగపూవులు వేరు, ఆడపూవులు వేరు. ఆడపూవు అడుగున చిన్న పిందె వంటి భాగము స్పష్టముగా కనబడును. అదియే అండాశయము. మగపూవునకు సన్నని కాడ మాత్రమే ఉండును. మగపూవులోని పుప్పొడి ఆడపూవు కీలాగ్రమును చేరినగాని ఆ పిందె కాయ కాదు. ఈ మొక్కల పుప్పొడి బరువైనది, జిగురుగలది. గాలికి ఎగిరి పోదు. ఎవరో ఒకరు దానిని మోసికొని పోవలెను.

నేడు బడిపిల్లలకు తెలిసిన ఈ విషయమును మానవుడు కనుగొనుటకు చాల కాలము పట్టినది. మొక్కలలోను స్త్రీ పురుష భేదము కలదనియు, పుప్పొడి లేనిదే విత్తనము కట్టదనియు 1694లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున కామెరారియస్ ప్రయోగపూర్వకముగ నిరూపించెను. కాని ఆ పుప్పొడిని మోయువారెవరు? 1761లో కోల్‌రాయిటర్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు దోస, గుమ్మడి జాతి మొక్కలలో ఈ పని చేయునవి కీటకములే అని వ్రాసెను. మన మిద్దెమీది సొరపాదుకు సంబంధించిన మాట నాడే చెప్పబడినదన్నమాట.

దీనిని ఒక శాస్త్రముగా విస్తరింపజేసినది ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. బెర్లిను సమీపమున నున్న ష్పాండౌ పట్టణములో క్రిస్టియన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్ అనునతడు ప్రధానోపాధ్యాయుడుగా ఉండెను. 1787లో ఒక అడవి పూవును పరిశీలించుచు, దాని రేకుల అడుగున సన్నని నూగు ఉండుట గమనించి, ఇది ఎందుకున్నదని తన్ను తాను ప్రశ్నించుకొనెను. వాననీరు తగిలి మకరందము చెడిపోకుండ ఈ నూగు కాపాడుచున్నది. అట్లైనచో మకరందము ఎవరి కొరకు? పూవుపై గల గీతలు, చుక్కలు ఎవరికి దారి చూపుటకు? ఈ ప్రశ్నల వెంటబడి అనేక వందల జాతుల పూవులను పరీక్షించి, 1793లో అతడు తన గ్రంథమును వెలువరించెను. ఆ కాలపు పండితులు దానిని లెక్కచేయలేదు. కొద్ది కాలమునకే అతడు తన ఉద్యోగమును కూడ వదలుకొనవలసి వచ్చెను. దాదాపు అర్ధ శతాబ్దము తరువాత, 1841లో, వృక్ష శాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రౌను ఆ గ్రంథమును చదువుమని ఛార్లెస్ డార్విన్‌కు చెప్పెను. 1862లో డార్విన్ ఆర్కిడ్ పూవులపై తన గ్రంథమును ప్రకటించిన తరువాతనే ష్ప్రెంగెల్ కృషికి గౌరవము లభించినది.

అదే 1793వ సంవత్సరము మన దేశమునకు సంబంధించి కూడ గుర్తుంచుకొనదగినది. కొండరాళ్ళకు, పెద్ద చెట్లకు పట్టు పెట్టు పెద్ద తేనెటీగకు, తొర్రలలో కాపురముండు తేనెటీగకు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ శాస్త్రీయ నామములు పెట్టినది ఆ సంవత్సరమే. తూర్పు గోదావరి ప్రాంతమున సామర్లకోటలో 1781 నుండి వైద్యుడుగా ఉండి, తోటను పెంచి, మిరియము మొదలైన మొక్కలను పరీక్షించిన విలియం రాక్స్‌బర్గు కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానమునకు అధిపతిగా వెళ్ళినదియు 1793లోనే. రాక్స్‌బర్గు స్థానిక చిత్రకారులచేత తెలుగునాటి మొక్కల చిత్రములు వ్రాయించెను. అవి 1795 మొదలుకొని లండనులో అచ్చయినవి. తోటను, అందలి పురుగును కలిపి చూచు చూపు అతనికి ఉండెను. చెట్టు కొమ్మలపై లక్కను తయారుచేయు పురుగును గూర్చి అతడు సామర్లకోటనుండి వ్రాసిన వ్యాసమును 1791లో లండను రాయల్ సొసైటీ ప్రచురించెను.

మొక్క వచ్చెను, పురుగు రాలేదు

మొక్కలను దేశములు దాటించుటలో మానవునికి నేర్పు ఎక్కువ. కాని వాని చుట్టములను వెంట తెచ్చుట అతనికి తట్టదు. చరిత్రలో ఈ పొరపాటు మరల మరల జరిగినది.

వెనిల్లా తీగ మెక్సికో దేశమునకు చెందినది. 19వ శతాబ్దపు తొలి దశకములలో ఫ్రెంచివారు దానిని హిందూ మహాసముద్రములోని రీయూనియన్ ద్వీపమునకు తెచ్చిరి. తీగ పెరిగెను, పూచెను, కాని కాయ కాయలేదు. మెక్సికోలో ఆ పూవును దర్శించు ఈగలు ఈ ద్వీపమున లేవు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అను పన్నెండేండ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో పూవులోని పొరను పైకెత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు అద్దు పద్ధతిని కనిపెట్టెను. నేటికిని లోకమున వెనిల్లా పంట చాల వరకు ఆ బాలుని పద్ధతిమీదనే ఆధారపడి ఉన్నది. ఒక ఈగ ఉచితముగా చేయు పనిని మనుష్యులు పూవు పూవునకు తిరిగి చేయవలసి వచ్చుచున్నది.

న్యూజిలాండునకు ఇంగ్లండునుండి పశుగ్రాసమునకై ఎర్ర క్లోవర్ అను మొక్కను తీసికొని పోయిరి. అచట అది సరిగా విత్తనము కట్టలేదు. 1885లో ఇంగ్లండునుండి పొడవైన నాలుక గల బొద్దు ఈగలను తెచ్చి విడిచిన తరువాతనే విత్తనపు పంట చేతికి వచ్చినది.

మూడవ కథ మన తెలుగు రైతునకు దగ్గరది. ఆయిల్‌పామ్ పశ్చిమ ఆఫ్రికా చెట్టు. మలేషియా తోటలలో ఎంతో కాలము కూలీలు చేతులతో పుప్పొడి చల్లెడివారు. ఆఫ్రికాలో ఈ పని చేయుచున్నది ఒక చిన్న ముక్కుపురుగు అని తెలిసికొని, 1981లో దానిని కామెరూన్ నుండి తెచ్చి మలేషియాలో విడిచిరి. 1985లో ఆ పురుగు కేరళకు వచ్చి, అచటినుండి ఇతర రాష్ట్రముల తోటలకు చేరినది. ఏలూరు సమీపమున పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రము ఏర్పడినది. నేడు గోదావరి జిల్లాల తోటలలో గెలలు నిండుగా పండుటకు ఆ పురుగే ముఖ్య సహాయకారి.

ఈ మూడు కథల సారము ఒకటే. మొక్క ఒంటరి జీవి కాదు. దానిని దాని చుట్టములనుండి వేరుచేసినచో ఆ కొరతను మనమే తీర్చవలసి వచ్చును. సముద్రములు దాటించినప్పుడే కాదు, నేలనుండి అయిదవ అంతస్తునకు ఎక్కించినప్పుడును ఈ సూత్రము వర్తించును. చుట్టును కాంక్రీటు గల మిద్దెతోట కూడ ఒక చిన్న ద్వీపమే.

పల్లె పోయి పట్టణము వచ్చినప్పుడు

కూకట్‌పల్లి ఒకప్పుడు బొంబాయి పోవు రహదారి ప్రక్కన నున్న పల్లె. గృహనిర్మాణ మండలి ఇచట పెద్ద కాలనీని కట్టినది. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము ఇచటనే ఉన్నది. 1998 నవంబరులో సమీపమున మాదాపురములో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతమంతయు వేగముగా మారినది. 2007లో కూకట్‌పల్లి పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసినది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది.

మనుష్యులకు ఈ మార్పు వలన ఉద్యోగములు, సౌకర్యములు కలిగినవి. కీటకముల దృష్టితో చూచినచో పరిస్థితి వేరు. బీడునేల కప్పబడినది. గట్ల మీది జిల్లేడు, ఆముదము, గడ్డిచేమంతి పోయినవి. తొర్రలు గల ముసలి చెట్లు, ఎండిన మానులు తొలగింపబడినవి. కొండరాళ్ళు పగులగొట్టబడినవి. వీనికి బదులుగా నాటిన అలంకారపు మొక్కలలో చాల వానికి ఆకు నిగనిగలాడును గాని మకరందము ఉండదు. రేకులు ముద్దగా నుండు పూవులలో కేసరములే రేకులుగా మారిపోవుట వలన పుప్పొడి తక్కువ. ఉన్న మకరందమును చేరుటకు దారియు ఉండదు.

ఐనను చుట్టములు పూర్తిగా పోలేదు. పెద్ద తేనెటీగలు అపార్ట్‌మెంటు సజ్జల క్రింద, నీళ్ళ ట్యాంకుల క్రింద పట్లు పెట్టుచున్నవి. వానికి ఎత్తైన మేడ ఒక కొండచరియ వలెనే తోచును. చిన్న తేనెటీగ పొదలలో ఒక కొమ్మకు అరచేతి ప్రమాణపు పట్టు పెట్టును. తొర్ర తేనెటీగ గోడ సందులను ఆశ్రయించును. కుట్టని బుల్లి ఈగలు పాత గోడల రంధ్రములలో మైనపు గొట్టము వంటి ద్వారము కట్టుకొని కాపురము చేయును. ఇవికాక పట్టు పెట్టక ఒంటరిగ జీవించు ఈగలు ఎన్నో కలవు. ప్రపంచమున సుమారు 20,000 జాతుల ఈగలు గుర్తింపబడగా, అందు నిజమైన తేనెటీగలు పదికి అటు ఇటుగా మాత్రమే. మిగిలినవానిలో ఎక్కువ భాగము నేలలో బొరియ త్రవ్వి గ్రుడ్లు పెట్టును.

ఈ ఒంటరి ఈగల విలువను చూపిన పరిశోధన మన ఆంధ్ర విశ్వవిద్యాలయములోనే జరిగినది. మునగ పూవులపై సి. సుబ్బారెడ్డి గారును సహచరులును విశాఖపట్టణమున చేసిన అధ్యయనము 1990లో ప్రచురింపబడినది. మునగ పూవునకు ఎన్నో కీటకములు వచ్చును. కాని నమ్మకముగా పుప్పొడిని మోయునవి నల్లని పెద్ద తుమ్మెదలు అని వారు తేల్చిరి. ఎండిన కర్రలో గుండ్రని రంధ్రము తొలిచి కాపురముండు ఈ తుమ్మెదలు వంగకు, టమాటకు కూడ మేలు చేయును. ఆ పూవులలో పుప్పొడి సన్నని గొట్టములలో బంధింపబడి ఉండును. ఈగ పూవును పట్టుకొని గట్టిగా ఝుమ్మని కంపించినప్పుడు అది ఉప్పు డబ్బానుండి ఉప్పువలె రాలును. తేనెటీగకు ఈ విద్య రాదు.

కనుక తేనెటీగల పెట్టె ఒకటి పెట్టినంతనే తోట సమస్య తీరదు. ఒక్క జాతిని నమ్ముకొనుట ప్రమాదము కూడ. 1991-92 సంవత్సరములలో ఒక వైరస్ వ్యాధి దక్షిణ భారతమున వ్యాపించి పెట్టెలలో పెంచు దేశీయ తేనెటీగలను చాల వరకు తుడిచిపెట్టినది. పలు జాతుల అతిథులు ఉన్న తోటలో ఒకటి రాకున్నను మరియొకటి వచ్చును.

ఆకు తిను శిశువు, తేనె త్రాగు తల్లి

సీతాకోకచిలుకల విషయమున మరియొక పొరపాటు జరుగుచున్నది. రంగుల రెక్కలను అందరును కోరుదురు. గొంగళిపురుగును మాత్రము ఎవరును సహింపరు. ఈ రెండును ఒకే జీవియొక్క రెండు దశలు. 1705లో మరియా సిబిల్లా మేరియన్ అను జర్మను చిత్రకారిణి దక్షిణ అమెరికాలోని సురినాము కీటకములపై ఒక చిత్ర గ్రంథమును ప్రచురించెను. గ్రుడ్డు, గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు, అది తిను మొక్క, ఇవన్నియు ఆమె తరచుగా ఒకే పటమున చూపెను. ఏ పురుగునకు ఏ మొక్కయో తెలియనిదే దాని జీవితము తెలియదని ఆమె చిత్రములు బోధించుచున్నవి.

మన పెరటిలోని కరివేపాకు మొక్కనే చూడుడు. దాని ఆకుపై పిట్టరెట్ట వలె నల్లగా, తెల్లగా కనబడు చిన్న పురుగు ఉండును. కొన్నాళ్ళకు అది ఆకుపచ్చగా మారును. ఆపై గూడు కట్టుకొని, నల్లని పెద్ద సీతాకోకచిలుకయై ఎగిరిపోవును. నిమ్మ, నారింజ చెట్లపైనను దీని దాయాదులు పెరుగును. అట్లే జిల్లేడును తిని నారింజ రంగు చిలుకయు, ఆముదపు ఆకును తిని గోధుమ రంగు చిలుకయు, రేల ఆకును తిని లేత పసుపు చిలుకయు పెరుగును. వీధుల వెంట సన్నగా నిటారుగా పెంచు అశోకము, అనగా నరమామిడి, ఆకుపచ్చని చుక్కల రెక్కలు గల చిలుకకు పుట్టినిల్లు. ఈశ్వరి తీగ ఉన్నచోటికి ఎర్రని శరీరము గల నల్ల చిలుక వచ్చును. కరివేపాకు మొక్క ఒకటి ఎక్కువగా నాటి, దాని ఆకులో కొంత ఆ శిశువులకు వదలినచో ఇంటివారికి లోటు రాదు.

తోటమాలి చేయదగినది

మొదటిది, ఏడాది పొడవున ఏదో ఒకటి పూచుచుండునట్లు చూడవలెను. తులసి, సబ్జా, ఒంటిరేకు బంతి, ప్రొద్దుతిరుగుడు కుండీలలో సులభముగా పెరుగును. కొత్తిమీర, ఆవ, సోపు మొక్కలను కొన్నింటిని కోయక పూతకు వదలవలెను. ఆవరణలో చోటున్నచో కానుగ, వేప, మునగ, నేరేడు నాటవచ్చును. తేనెటీగకు ఎరుపు రంగు కానరాదని 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ప్రయోగములతో చూపెను. కావున నీలి, పసుపు, తెలుపు పూవులు వానికి ప్రియము. ఎర్రని పూవులకు సీతాకోకచిలుకలు వచ్చును.

రెండవది, నివాసము. ఒక మూల త్రవ్వని, కప్పని మట్టి ఉండవలెను. ఒక ఎండిన మొద్దును పారవేయక ఉంచవలెను. వెడల్పైన మట్టి పళ్ళెములో గులకరాళ్ళు వేసి నీరు పోసినచో ఈగలు మునిగిపోకుండ దప్పిక తీర్చుకొనును.

మూడవది, విషము. పూత సమయమున కీటక నాశనులు చల్లరాదు. మొక్క రసములో కలిసి పుప్పొడిలోనికి, మకరందములోనికి చేరు నియోనికోటినాయిడ్ జాతి మందులలో మూడింటిని ఆరుబయట వాడుట ఐరోపా సమాజము 2018లో నిషేధించినది.

నాలుగవది, భద్రత. పెద్ద తేనెటీగల పట్టు దగ్గరకు పిల్లలు పోరాదు, రాళ్ళు విసరరాదు. అవి రెచ్చిపోయినచో ప్రాణాపాయము. అట్లని పట్టును తగులబెట్టుట తగదు. ఆ ఈగలు ఋతువును బట్టి తామే వలసపోవును. మనుష్యుల రాకపోకలకు అడ్డమైనచోట శిక్షణ గలవారిచేత తొలగింపజేయవలెను.

తరగతికి ఒక ప్రయోగము

కామెరారియస్, కోల్‌రాయిటర్ చేసిన పరీక్షలను పోలిన ప్రయోగమును ఏ పాఠశాల ఆవరణలోనైనను చేయవచ్చును. గుమ్మడి పాదులో మరునాడు విచ్చుకొనబోవు మూడు ఆడమొగ్గలను సాయంత్రమే గుర్తించి, రెండింటికి పలుచని గుడ్డసంచి కట్టవలెను. మూడవదానిని వదలివేయవలెను. గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదరక ముందే ముడుచుకొనును. కనుక ప్రొద్దుటనే ఒక సంచిని విప్పి, మగపూవు పుప్పొడిని చేతితో అద్ది, మరల కట్టవలెను. రెండవ సంచిని విప్పరాదు. వదలివేసిన పూవునకు ఏయే కీటకములు, ఎన్ని వచ్చినవో విద్యార్థులు గంటసేపు వ్రాసికొనవలెను. వారము దినములలో ఫలితము కంటికి కనబడును. సొరపూవు సాయంత్రము విచ్చి రాత్రి రెక్కలపురుగులను పిలుచును. బీరపూవు ప్రొద్దుగ్రుంకు వేళ విచ్చును. ఆ తీగలతో ప్రయోగించువారు వేళలు మార్చుకొనవలెను.

సంచి విప్పని పూవు పిందె పసుపుబారి రాలును. చేతితో అద్దినది నిలుచును. వదలివేసిన మూడవ పూవు నిలుచునా, రాలునా? అది ఆ బడి చుట్టుప్రక్కల ఈగలు మిగిలి ఉన్నవో లేవో చెప్పును. ఆ మూడవ పిందె రాలినచో తప్పు సొరపాదుదియు కాదు, గుమ్మడిపాదుదియు కాదు. తోటకు కావలసిన మట్టిని, నీటిని, ఎరువును మిద్దెకెక్కించినవారు అతిథికి మాత్రము పీట వేయలేదు. దానిని నేడే వేయవచ్చును. అందుకు ఒక తులసి కుండీ చాలు.